మినరల్ మిక్చర్ సంచిపై భాస్వరం ఏ రూపంలో ఉందో రాయాలి

మాన్యులైన సంపాదకులకు,

నమస్కారాలు. కొల్లేరు చుట్టుపక్కల చేపల సాగు గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు ఎక్కువగా చేప ధరల గురించో, చెరువుల లీజుల గురించో, కాలువల్లోకి వదిలే నీటి గురించో ఉంటాయి. అవన్నీ రాయవలసినవే. అయితే రైతు పెట్టుబడిలో సగానికి పైగా తినేసేది మేత. ఆ మేతలో కిలోల్లో, గ్రాముల్లో కలిసే ఖనిజ లవణాల గురించి, అంటే మన దుకాణాల్లో మినరల్ మిక్చర్ పేరుతో అమ్మే సరుకు గురించి, రైతుకు పనికివచ్చే చర్చ ఎక్కడా కనిపించదు. మత్స్యశాస్త్రం చదువుకుని, కైకలూరు ప్రాంతంలో చేపల మేతల తయారీతో సంబంధం ఉన్న వ్యక్తిగా ఈ విషయంలో నాకు తెలిసినది మీ పాఠకుల ముందు ఉంచదలచాను.

కైకలూరు, ఆకివీడు, ముదినేపల్లి, ఉండి ప్రాంతాల్లో బొచ్చె, శీలావతి పెంచే చెరువుల్లో ప్రధానమైన మేత ఇప్పటికీ నూనె తీసిన తవుడే. డీఓబీ అని అందరూ పిలిచే ఆ తవుడుకు వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కొంత కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకు కడతారు. చేప వచ్చి ఆ చిల్లుల్లోంచి మేత లాక్కుని తింటుంది. దేశంలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది మన రైతులే. ఈ తవుడులోనే ఉప్పు, మినరల్ మిక్చర్, దుకాణదారు చెప్పిన మరో రెండు మూడు పొడులు కలుపుతారు. ఏది ఎందుకు కలుపుతున్నారని అడిగితే ‘ఎముక బలానికి’, ‘సైజు రావడానికి’ అనే జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు. కానీ కలిపినదంతా చేప ఎముకల్లోకి చేరుతోందా, చెరువు అడుగుకు చేరుతోందా అన్నది సంచి మీద ముద్రించిన అంకెలను బట్టి తెలియదు.

చేపకు కాల్షియం మేతలోంచే రావాలన్న నియమం లేదు. నీటిలో కరిగి ఉన్న కాల్షియాన్ని అది మొప్పల ద్వారా నేరుగా తీసుకోగలదు. మన ప్రాంతపు చెరువు నీళ్లలో సాధారణంగా కాల్షియానికి కొదవ ఉండదు. భాస్వరం సంగతి వేరు. నీటిలో కరిగి ఉండే భాస్వరం చాలా స్వల్పం కనుక చేపకు కావలసినదంతా దాదాపుగా మేత ద్వారానే అందాలి. అది తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది, ఎముకలు, ముఖ్యంగా తల ఎముకలు వంకర తిరుగుతాయి, ఒంట్లో కొవ్వు పెరుగుతుంది. బక్కచిక్కిన చేప కనిపించినప్పుడల్లా భాస్వరం లోపమేనని నేను అనడం లేదు. ఎకరానికి పట్టే పిల్ల కంటే ఎక్కువ వేసినా, మేత చాలకపోయినా చేప తల పెద్దదిగా, ఒళ్లు సన్నగా కనిపిస్తుంది. వల వేసి చూసినప్పుడు ఈ రెండింటి మధ్య తేడా గుర్తించడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే.

ఇక్కడ చేప శరీర నిర్మాణానికి సంబంధించిన ఒక సంగతి తెలుసుకోవాలి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ వంటి కార్పు జాతి చేపలకు జీర్ణాశయం ఉండదు. మేత నోటి నుంచి నేరుగా పేగులోకి వెళుతుంది. జీర్ణాశయం లేదు కనుక మేతను కరిగించే ఆమ్లం కూడా ఉండదు. భాస్వరపు లవణాల్లో కొన్ని నీటిలోనే కరుగుతాయి, కొన్ని ఆమ్లం తగిలితేనే కరుగుతాయి. బంగారుతీగ చేపపై జపాన్ శాస్త్రవేత్తలు చాలా ఏళ్ల కిందటే చేసిన కొలతల ప్రకారం మోనోకాల్షియం ఫాస్ఫేట్‌లోని భాస్వరంలో 94 శాతం, డైకాల్షియం ఫాస్ఫేట్‌లో 46 శాతం, ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లో 13 శాతం మాత్రమే చేప ఒంటికి పడుతుంది. జీర్ణాశయం ఉన్న ట్రౌట్ చేపలో ఇవే లవణాలకు వచ్చిన అంకెలు వరుసగా 94, 71, 64. మనం ఫంగస్ అని పిలిచే పంగాసియస్‌కు జీర్ణాశయం ఉంది కనుక దానికి డైకాల్షియం ఫాస్ఫేట్, అంటే డీసీపీ, కొంత మెరుగ్గా పనికివస్తుందని ఆశించవచ్చు. శీలావతికి అదే సరుకు పెడితే సగానికి పైగా వృథా. ఒకే దుకాణంలో ఒకే సంచిని ఫంగస్ రైతుకూ శీలావతి రైతుకూ ఒకే మాట చెప్పి అమ్ముతున్నప్పుడు ఈ తేడా వల్ల వచ్చే నష్టాన్ని ఎవరు భరిస్తారు?

తవుడు లెక్క కూడా చూద్దాం. తవుడులో భాస్వరం తక్కువేమీ కాదు, 1.5 శాతం దాకా ఉంటుంది. కాగితం మీద చూస్తే చేపకు కావలసిన దానికి అది రెట్టింపు. కానీ అందులో అధిక భాగం ఫైటేట్ అనే, గింజలు భాస్వరాన్ని దాచుకునే సమ్మేళనం రూపంలో బందీ అయి ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము చేప పేగులో లేదు. తవుడు భాస్వరంలో బంగారుతీగకు అందేది నాలుగోవంతేనని తేలింది. అంటే ఒక టన్ను తవుడులో 15 కిలోల భాస్వరం ఉంటే చేపకు దక్కేది సుమారు 3.75 కిలోలు. కార్పు చేపల మేతలో ఒంటికి పట్టే భాస్వరం 0.6 నుంచి 0.7 శాతం ఉండాలి కనుక టన్నుకు 7 కిలోలని పెట్టుకుంటే 3.25 కిలోల లోటు కనిపిస్తుంది. చెరువులో సహజంగా పెరిగే ప్లవకాలు, అంటే నీటిలో తేలియాడే చిన్న జీవులు, ఇందులో కొంత పూడుస్తాయి కాబట్టి అసలు లోటు ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా లెక్క కోసం ఈ 3.25 కిలోలనే తీసుకుందాం. 22 శాతం భాస్వరం ఉన్న మోనోకాల్షియం ఫాస్ఫేట్‌తో ఆ లోటు పూడ్చాలంటే టన్నుకు 16 కిలోల లోపు సరిపోతుంది. 18 శాతం భాస్వరం ఉన్న డీసీపీతో పూడ్చాలంటే 39 కిలోల పైన కావాలి. మొదటిదాని కిలో ధర ఎక్కువే. అయితే డీసీపీ ధరకు రెండున్నర రెట్ల లోపు ఉన్నంతవరకు శీలావతి రైతుకు మోనోకాల్షియమే చవక. ఈ గుణకారం దుకాణంలో ఎవరూ చేసి చూపరు.

డబ్బు ఒక ఎత్తు, నీరు ఒక ఎత్తు. ఈ లెక్క ప్రకారం డీసీపీ వాడితే చేప ఒంటికి పట్టకుండా చెరువులో మిగిలే భాస్వరం టన్ను మేతకు 3.8 కిలోల చిల్లర. మోనోకాల్షియం వాడితే 200 గ్రాములు. తవుడులో చేపకు అందని 11 కిలోల భాస్వరం దీనికి అదనం. అది మట్టిలో చేరి, సూక్ష్మజీవుల చేతిలో మెల్లగా విడుదలవుతూ నాచును పెంచుతుంది. నీళ్లు ముదురు ఆకుపచ్చగా మారిన చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం ఈ ప్రాంతంలో తెలియని రైతు లేడు. ఆ నీళ్లు డ్రెయిన్ల గుండా చివరకు చేరేది కొల్లేరుకే. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సులో గుర్రపుడెక్క ఇంతలా అల్లుకోవడానికి చెరువుల మేత ఒక్కటే కారణమని అనలేము. పట్టణాల మురుగు, పొలాల ఎరువులు కూడా ఉన్నాయి. కానీ మన వాటా మనది.

మిక్చర్ సంచుల విషయానికి వస్తే, వాటిలో చాలావాటిపై ‘కాల్షియం ఇంత, భాస్వరం ఇంత’ అనే ఉంటుంది తప్ప ఏ లవణం ద్వారా వచ్చిందో ఉండదు. పశువుల మినరల్ మిక్చర్ కొని చేపలకు వేసే రైతులూ ఉన్నారు. పశువు నెమరువేసే జీవి. దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఫైటేట్‌ను విడగొట్టగలవు, దాని అసలు జీర్ణాశయంలో ఆమ్లమూ ఉంటుంది. ఆవు కోసం కూర్చిన సూత్రాన్ని శీలావతికి వాడడంలో అర్థం లేదు. పైగా అందులో 20 శాతం పైన ఉండే కాల్షియం చేపకు అక్కరలేనిది మాత్రమే కాదు, హాని కూడా. మేతలో కాల్షియం పెరిగితే అది ఫైటేట్‌తో కలిసి జింకును పట్టేసుకుని పేగులో కరగని ముద్దగా మారుస్తుంది. సున్నపురాయి పొడిని నింపుడు సరుకుగా కలిపి బరువు పెంచిన చవక మిక్చర్లలో ఈ దోషం మరీ ఎక్కువ.

జింకు గురించి మరికొంత చెప్పాలి. శుద్ధి చేసిన పదార్థాలతో తయారైన ప్రయోగపు మేతల్లో బంగారుతీగకు కిలో మేతకు 15 నుంచి 30 మిల్లీగ్రాముల జింకు సరిపోయింది. అమెరికాలో పెంచే చానెల్ క్యాట్‌ఫిష్‌కు 20 మిల్లీగ్రాములు చాలునని తేలినా, ఫైటేట్, కాల్షియం ఉన్న మామూలు మేతల్లో 150 మిల్లీగ్రాముల దాకా పెట్టవలసి వచ్చింది. మన తవుడు మేత ఈ రెండో కోవకు చెందినదే. జింకు తగ్గితే చేప ఎదగదు, రెక్కలూ చర్మమూ పాడవుతాయి, కంట్లో పొర వస్తుంది. రెక్కలు కుళ్లిన ప్రతి చేపకూ యాంటీబయాటిక్ రాసే అలవాటు ఉన్నచోట ఒక్కసారి మేత వైపు చూడడం మంచిది. టన్నుకు 100 గ్రాముల జింకు అందాలంటే పొలానికి వాడే 21 శాతం జింకు సల్ఫేటు సుమారు 475 గ్రాములు, 33 శాతం ఉన్న మోనోహైడ్రేట్ అయితే 300 గ్రాములు కావాలి. పొలం గ్రేడు చవక కదా అని చేపకు వాడడం నాకు సమ్మతం కాదు. అందులో సీసం, కాడ్మియం వంటి మలినాలు ఉండే అవకాశం ఉంది, మనం పెంచే చేప చివరికి కంచంలోకి వెళ్లేది.

దీనికి విరుద్ధంగా, తవుడు మేతలో కలపనవసరం లేనివీ ఉన్నాయి. తవుడులో మెగ్నీషియం, పొటాష్, మాంగనీసు పుష్కలం. చేపకు మేతలో 0.05 శాతం మెగ్నీషియం చాలు. తవుడులో దానికి పది రెట్లకు పైగా ఉంటుంది. కాబట్టి సంచి మీద ఇరవై ఖనిజాల పేర్లు వరుసగా ఉన్నాయని సంతోషించవలసింది లేదు. తవుడు పెట్టే రైతుకు కావలసిన మిక్చర్ వేరు, సోయా చెక్కతోనూ చేపపొడితోనూ చేసిన గుళికల మేతకు కావలసిన మిక్చర్ వేరు. తవుడు రైతుకు నా దృష్టిలో ప్రధానమైనవి ఒంటికి పట్టే భాస్వరం, జింకు, ఆ తర్వాత కొద్దిపాటి రాగి, అయోడిన్, సెలీనియం.

ఈ చివరి వాటితో చాలా జాగ్రత్త అవసరం. కిలో మేతకు 3 మిల్లీగ్రాముల రాగి అంటే టన్నుకు 12 గ్రాముల మైలుతుత్తం. సెలీనియం మరీ తక్కువ, కిలోకు 0.25 మిల్లీగ్రాముల ప్రాంతం. అదే 13, 15 మిల్లీగ్రాములకు చేరితే ట్రౌట్‌లోనూ క్యాట్‌ఫిష్‌లోనూ విషలక్షణాలు కనిపించాయి. టన్నుకు గ్రాములో మూడో వంతు కూడా లేని పదార్థాన్ని చెరువు గట్టు మీద పారతో కలిపితే ఒక సంచిలో అసలు ఉండదు, మరో సంచిలో విషమవుతుంది. అందువల్ల ఇటువంటి వాటిని విడిగా కొని కలపమని రైతుకు సలహా ఇచ్చేవారిని నమ్మవద్దని మనవి. వాటిని ముందే తగిన వాహక పదార్థంలో పలచన చేసి, యంత్రంలో కలిపి ఇవ్వవలసిన బాధ్యత తయారీదారుది.

నా వాదనలో ఉన్న ఒక ఇబ్బందిని కూడా చెప్పడం న్యాయం. మోనోకాల్షియం ఫాస్ఫేట్, జింకు సల్ఫేట్ చేపకు బాగా ఒంటబట్టడానికి కారణం అవి నీటిలో కరగడమే. సంచిలోని పొడి తవుడులో వాటిని కలిపి చెరువులోకి దించితే, చేప తినేలోపు కొంత నీళ్లలోకే కరిగిపోతుంది. గుళికల మేతలో ఈ నష్టం తక్కువ. కరిగించిన లవణాన్ని తవుడుపై చల్లి, కొన్ని గంటలు నాననిచ్చి, గంజితో ముద్దగా చేసి నింపితే నష్టం తగ్గుతుందని నా అభిప్రాయం. అయితే ఇది అభిప్రాయాలతో తేలేది కాదు. చిల్లుల సంచిలో గంటకు ఎంత భాస్వరం, ఎంత జింకు కరిగిపోతుందో విజయవాడ దగ్గర పోరంకిలో ఉన్న సిఫా (కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రమో, ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రమో రైతుల చెరువుల్లోనే కొలిచి ప్రకటిస్తే ఈ జిల్లాలకు చేసే మేలు చిన్నది కాదు. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పరిశోధన కూడా కాదు.

అసలైన మందు తవుడులో బందీగా ఉన్న భాస్వరాన్ని విడిపించడం. ఫైటేజ్ అనే ఎంజైము ఆ పని చేస్తుంది. ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాస్త్రవేత్తలు శీలావతి పిల్లలపై చేసిన ప్రయోగాల్లో సిట్రిక్ ఆమ్లంతో కలిపి ఫైటేజ్ ఇచ్చినప్పుడు ఖనిజాలు మెరుగ్గా ఒంటబట్టాయి. ఆమ్లం ఎందుకంటే, మార్కెట్లో దొరికే ఫైటేజ్‌లు చాలావరకు ఆమ్ల స్థితిలోనే బాగా పనిచేస్తాయి; కార్పు పేగులో ఆ స్థితి లేదు. కోళ్ల మేతల్లో ఫైటేజ్ వాడకం ఏనాడో మామూలైపోయింది. మన దగ్గర తవుడును ఫైటేజ్‌తో ముందుగా నానబెట్టి పెట్టే పద్ధతిని గట్టు మీద చేయదగినంత సులువుగా తయారుచేసి చూపిస్తే మిక్చర్ల అవసరమే చాలావరకు తగ్గుతుంది. బహుశా అందుకే మిక్చర్లు అమ్మేవారు ఆ పద్ధతిని ప్రచారం చేయడం లేదు.

నీళ్లలో చల్లే మినరల్స్ సంగతి కూడా తేల్చుకోవాలి. బోరు నీటితో వనామీ రొయ్య పెంచే చెరువుల్లో పొటాష్, మెగ్నీషియం చల్లడానికి కారణం ఉంది. సముద్రపు నీటిలో సోడియానికీ పొటాషియానికీ ఉండే సుమారు 28కి 1 నిష్పత్తి ఆ బోరు నీళ్లలో ఉండదు, దానివల్ల రొయ్య తన ఒంటి లవణాల సమతుల్యం నిలుపుకోలేక, గుల్ల విడిచే సమయంలో చచ్చిపోతుంది. మంచినీటి చేప అయిన శీలావతికి ఆ అవస్థ లేదు. అయినా భీమవరం నుంచి కైకలూరు దాకా అవే బస్తాలు చేపల చెరువుల రైతులకూ అమ్ముడుపోతున్నాయి. చేపకు భాస్వరం కావాలంటే మేతలో పెట్టాలి. నీళ్లలో చల్లిన ఫాస్ఫేట్ ముందుగా పోషించేది నాచునే.

రాష్ట్ర ప్రభుత్వం 2020లో చేపల దాణా నాణ్యత నియంత్రణ చట్టం తెచ్చింది, అదే ఏడాది ఆక్వా రంగానికి అప్సడా అనే ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. ఆ చట్టం అమలులో మేత సంచులపై చూపే శ్రద్ధను మినరల్ మిక్చర్ సంచులపైనా చూపాలని నా విజ్ఞప్తి. మిక్చర్‌లోని ప్రతి ఖనిజాన్నీ లవణం బరువుగా కాక మూలకం బరువుగా, కిలోకు ఇన్ని గ్రాములని తెలుగులో ముద్రించాలి. భాస్వరం విషయంలో అది మోనోకాల్షియమా, డైకాల్షియమా, శిలా ఫాస్ఫేటా అన్నది విధిగా ఉండాలి, ఎందుకంటే శిలా ఫాస్ఫేటులో ఫ్లోరిన్ బెడద కూడా ఉంటుంది. మిక్చర్ తవుడు మేతకా, గుళికల మేతకా, కార్పుకా, ఫంగస్‌కా అన్నది పెద్ద అక్షరాల్లో కనిపించాలి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, ఫ్లోరిన్‌ల గరిష్ఠ పరిమితులు రాసి, దుకాణాల నుంచి నమూనాలు తీసి పరీక్షించి, ఫలితాలను బహిరంగంగా పెట్టాలి.

ఇది వ్యాపార రహస్యమని తయారీదారులు అభ్యంతరం చెప్పవచ్చు. భాస్వరం ఏ లవణంలో ఉందన్నది రహస్యం కాజాలదు. ఎరువుల బస్తా మీద భాస్వరం ఎంత, అందులో నీటిలో కరిగేది ఎంత అన్నది ముద్రించడం మన దేశంలో వరి రైతుకు ఎప్పుడో అలవాటైన విషయం. డీఏపీ కొనే రైతు ఆ అంకె చూసి కొంటాడు. అదే రైతు పక్క చెరువులో చేప పెంచుతున్నప్పుడు ఆ హక్కు పోగొట్టుకోవడానికి కారణం కనిపించదు. ప్రయోగశాలలో పని కూడా కష్టమైనది కాదు. నీటిలో కరిగే భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఎరువుల పరీక్షా కేంద్రాలన్నిటిలో ఉన్నదే. అది చేపకు ఎంత ఒంటబడుతుందో పూర్తిగా చెప్పకపోయినా, జీర్ణాశయం లేని కార్పుల విషయంలో మొత్తం భాస్వరం కంటే ఎంతో మెరుగైన సూచిక.

ఈ నిబంధనలు వచ్చేదాకా రైతు సోదరులు మిక్చర్ కొనేటప్పుడు భాస్వరం ఏ లవణంలో ఉందో, కాల్షియం ఎందుకు అంత ఉందో దుకాణదారును అడిగి, బిల్లు మీద రాయించుకోవాలని కోరుతున్నాను. రాసి ఇవ్వడానికి నిరాకరించిన సరుకును కొనకుండా వదిలేస్తే, ఆ ఒత్తిడి తయారీదారు దాకా వెళుతుంది.

భవదీయుడు,
మేతల తయారీతో సంబంధం ఉన్న ఒక పాఠకుడు,
కైకలూరు, ఏలూరు జిల్లా